అల్లం కాటా

సెమిలిగూడలో ఇది మూడో లాడ్జి.
మెట్ల కింద గది. నెలకి నాలుగు వేలు.
కిటికీ దగ్గర నిలబడితే రెండు గీతల సిగ్నల్,
మంచం మీద కూర్చుంటే అదీ లేదు.
అందుకే నిలబడి పనిచెయ్యడం నేర్చుకున్నాను,
ఆరోగ్యం కోసమేం కాదు.

బీమా క్లెయిములు చూస్తాను, రోజుకి అరవై.
ఎవరివో మోకాళ్ళు, ఎవరి గుండెకో స్టెంటు.
ప్రతి ఫైల్లో రెండో గడిలో ఎత్తు, మూడో గడిలో బరువు.
జనవరిలో ఒక రాత్రి
నా అంకెలు రెండూ ఒక చనిపోయినావిడ గడుల్లో కనబడ్డాయి.
నూట యాభై ఆరు. ఎనభై ఎనిమిది.
వయసులో ఒక్క ఏడాదే తేడా.
ఫైలు పాస్ చేసి
లేచి బూట్లు వెతుక్కున్నాను.

సాలూరులో కొన్న బూట్లు. ఎడమది కరిచేది.
మొదటి రోజు చెక్‌గేటు దాకా.
నీలగిరి దుంగల లారీలు ఘాట్ దిగుతుంటే
లెక్కపెట్టే నెపంతో ఆగి
ఆయాసం దాచుకున్నాను.
పదకొండో లారీకి
గేటు కాపలా పాత్రో కుర్చీ తెచ్చి వేశాడు.
ఆ కుర్చీ మీద నాకు ఇప్పటికీ కోపం.

పొద్దున్నే లాడ్జివాళ్ళు మాండియా పేజ్ పోస్తారు.
పార్వతీపురంలో మా అమ్మమ్మ చోడంబలి అనేది.
పేరే చెక్‌పోస్టు దాటింది,
రుచి ఇంకా ఇటే ఉండిపోయింది.
ఉల్లిపాయ కొరికి, గ్లాసు ఎత్తి,
ఎనిమిదింటి మీటింగ్‌లో కెమెరా ఆపుకుని
ఘాట్ రోడ్డు ఎక్కుతూ "అవును సార్" అనేదాన్ని.
"ఏంటా రొద?" అంటే ఫ్యాను అని చెప్పాను.

జయపురంలో పదకొండు రోజులు వాన.
గది, దుప్పటి, ఛెనాపోడ పొట్లాలు.
రెండున్నర కిలోలు తిరిగొచ్చాయి,
తప్పిపోయిన పిల్లి
తన గిన్నె దగ్గరికే వచ్చి కూచున్నట్టు.

మళ్ళీ మొదలు. మళ్ళీ ఎడమ బూటు.

శుక్రవారం కుందులి సంత.
అల్లం కొనే గవరయ్యది కూడా పార్వతీపురమే,
అందుకని నన్ను తన కాటా మీద ఊరికే తూస్తాడు.
బస్తా దింపి, సున్నా కొట్టి, "ఎక్కమ్మా."
డెబ్భై తొమ్మిది.
"తొమ్మిది కిలోలు తరుగు! మట్టి రాలిందమ్మా," అని నవ్వాడు.
నేనూ నవ్వాను. చుట్టూ చూశాను కూడా,
ఎవరైనా విన్నారేమోనని.

వెనక వరసలో బుద్రీ వింది.
నెత్తిన బుట్ట, కొండ అవతలి నుంచి నడక.
"జ్వరమొచ్చిందా?" అని అడిగింది. గవరయ్య తెలుగు చేశాడు.
లేదు, నడిచాను.
"ఎక్కడికి?"
ఎక్కడికీ కాదు. ఊరికే.
"ఖాళీ చేతుల్తోనా?"
దానికి నా దగ్గర ఏ గడీ లేదు.

ఆమె బుట్ట కాటా ఎక్కింది.
ముప్పై రెండు, పక్కన చుక్క, నాలుగు.
గవరయ్య పుస్తకంలో ముప్పై రాశాడు. తరుగు.
ఆరు నెలలుగా ఆ ఎర్ర అంకెల్ని
వంద గ్రాముల దాకా చదువుకున్న కళ్ళు ఇవి.
"ముప్పై రెండున్నర పైచిలుకు... కాదు, ముప్పై రెండూ నాలుగు," అన్నాను.
గొంతు తడబడింది గాని అన్నాను.
అతను నా వంక చూశాడు, ఊరి పేరు వెనక్కి తీసుకుంటున్నట్టు.
కొట్టేసి ముప్పై ఒకటి రాశాడు.
అంతే. అంతకన్నా ఏమీ జరగలేదు.

మరుసటి శుక్రవారం
"కాటా బాలేదమ్మా," అన్నాడు, బుట్టలు తూస్తూనే.

ఇప్పుడు నా బరువెంతో నాకు తెలీదు.
సంతయ్యాక జీపు ఎక్కకుండా
మలుపు దాకా బుద్రీతో నడుస్తాను.
అందుకోలేను. ఆమె ఆగదు. కుర్చీ వెయ్యదు.
నిన్న మాత్రం తిరిగి చూసి,
ఏదో అని, ఖాళీ బుట్ట నా నెత్తిన పెట్టింది.
తెలుగు చెయ్యడానికి ఎవరూ లేరు.
"ఊరికే నడవకు" అనే అయ్యుంటుంది.

లోపల ఇంకా అల్లం వాసన.
నాలుగింటికి మీటింగ్ ఉంది.